డ్రాకులా: మా మూడవ పఠనము

తెలుగు అధ్యాపకుడు కళాశాల వార్షిక సంచికకు వ్యాసము వ్రాయవలసి వచ్చినప్పుడు తిక్కననో, పోతననో, అంత శక్తి లేనివాడు గురజాడనో ఆశ్రయించుట మర్యాద. సంపాదకవర్గమువారు మా నుండి అట్టిదే ఆశించినారని ఎరుగుదుము. కాని ఈ వేసవిలో రేపల్లెకు, తెనాలికి మధ్య తిరుగు రైలుబండిలో మేము చదివినది వేరొక గ్రంథము. అది ఒక రక్తపిశాచి కథ. చదువుట ఇది మూడవసారి. చదివినదానిని దాచిపెట్టి, చదువనిదానిని గురించి వ్రాయుట మాకు చేతగాలేదు.

నవల పేరు 'డ్రాకులా'. రచయిత బ్రామ్ స్టోకర్ 1847లో డబ్లిను నగరమున పుట్టినవాడు. ఏడేండ్లు వచ్చువరకు మంచము దిగని రోగిష్టి బాలుడు. పెద్దవాడై లండనులోని లైసియం నాటకశాలకు ఇరువదేడు సంవత్సరములు వ్యవహారకర్తగా ఉండి, హెన్రీ ఇర్వింగ్ అను మహానటుని జమాఖర్చులు చూచుచు, తీరిక వేళల నవలలు వ్రాసుకొన్నాడు. ఈ నవల 1897లో వెలువడినది. కథ జరిగిన ట్రాన్సిల్వేనియా దేశమును ఆయన కన్నులార చూడనేలేదు. సమస్తము పుస్తకములలో చదివి తెలుసుకొన్నదే. 'డ్రాకులా' అను పేరు సైతము 1890 వేసవిలో విట్బీ అను సముద్రతీరపు ఊరిలో విడిది చేసినపుడు, అక్కడి గ్రంథాలయములోని ఒక పాత చరిత్ర పుస్తకములో దొరికినదే.

చదువనివారి కొరకు కథను క్లుప్తముగా చెప్పెదము. జోనాథన్ హార్కర్ అను యువ న్యాయవాది లండను సమీపమున ఒక పాత భవనమును కొనదలచిన ఒక ప్రభువు వద్దకు దస్తావేజులతో ట్రాన్సిల్వేనియాకు పోవును. ఆ ప్రభువే డ్రాకులా. శతాబ్దముల క్రితమే మరణించి, రాత్రులందు లేచి తిరుగుచు, పరుల రక్తముతో బ్రతుకువాడు. ఓడలో ఇంగ్లండు చేరి లూసీ అను కన్యను చంపి తన వంటిదానినిగా చేయును. హార్కర్ భార్య మీనాను కూడ అంటుకొనును. ఆమ్‌స్టర్‌డాము నుండి వచ్చిన వాన్ హెల్సింగ్ అను వృద్ధ వైద్యుడు నాయకుడుగా, కొందరు మిత్రులు అతనిని తిరిగి అతని దేశము వరకు తరిమి, సూర్యాస్తమయ వేళ సంహరింతురు. హార్కర్ చేతిలోనిది మన గూర్ఖాల కుక్రీ కత్తి యగుట మాకు మొదటినుండి ఒక చిన్న గర్వము.

మొదటిసారి చదువునప్పటికి మాకు పదునేడేండ్లు. బాపట్లలో ఇంటర్మీడియట్ చదువుచు, ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక అద్దె గదిలో ఉండేవారము. పాత పుస్తకముల బండి మీద అట్ట లేని ప్రతి ఒకటి దొరికినది. మా ఆంగ్లము అంతంత మాత్రము. ఒక చేత నవల, ఒక చేత శంకరనారాయణ నిఘంటువు. పుటకు పది మాటలు వెదకుకొనుచు చదువుటచేత భయము సైతము వాయిదాల మీద కలిగినది. శవపేటిక అను మాటకు అర్థము దొరకులోపల అందులోనుండి లేచినవాడు గది దాటి పోయి ఉండేవాడు.

అయినను భయపడినాము. కరెంటు పోయిన రాత్రులందు కిటికీ వైపు చూడలేదు. ఆ భయమునకు విరుగుడుగా మేము ముగ్గురమును కలిసి ఒక శాస్త్రము కల్పించుకొన్నాము. రక్తపిశాచి, సముద్రపు పోటు వేళలలో తప్ప, పారు నీటిని దాటలేడని వాన్ హెల్సింగ్ చెప్పినాడు గదా! మాది కృష్ణా పశ్చిమ డెల్టా. అడుగడుగునకు కాలువ, పిల్లకాలువ, మురుగుకాలువ. తెనాలి ఊరి నడుమనే మూడు కాలువలు పారుచున్నవి. ఇక కొమ్మమూరు కాలువ ఉండనే ఉన్నది. వెల్లుల్లి వాసన అతనికి గిట్టదు. మా అమ్మీ వంటింట అల్లము వెల్లుల్లి ముద్ద నూరని దినము లేదు. కావున మా ప్రాంతమున, అందును మా ఇంట, డ్రాకులాకు ప్రవేశము లేదని తీర్మానించుకొన్నాము. ఒక్క నియమము మాత్రము కలవరపెట్టినది. లోపలివారు ఒక్కసారియైన పిలువనిదే రక్తపిశాచి గడప దాటలేడు. పిలిచినచో ఇక అడ్డు లేదు. మా దాదీమా గుమ్మము ముందు ఎవరు నిలిచినను, ఎవరని అడుగక మునుపే, లోనికి రమ్మని పిలిచెడిది.

ఆ దాదీమాకే సెలవులలో రేపల్లె ఇంటి అరుగు మీద ఈ కథను మా ఇంటి ఉర్దూలో చెప్పినాము. పల్లెటూళ్ళలో దానినే 'తురకము' అందురు. ఆంగ్ల నవల, తెలుగు నిఘంటువు, ఉర్దూ కథనము: ఆ పుస్తకము మాలో మూడు భాషలు నడిచినది. ఆమె చాటలో బియ్యము పోసుకొని రాళ్ళు ఏరుచు వినుచున్నది. ఓడ తుపానులో చిక్కుకొని తీరమునకు కొట్టుకొని వచ్చు ఘట్టము, చుక్కానికి కట్టుకొని చనిపోయిన నావికుడు, ఇదంతయు గొంతు మార్చి చెప్పినాము. ఆమె తల ఎత్తలేదు. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనను చూచిన మనిషి. వేలాది జనమును నీరు మ్రింగిన ఆ రాత్రిని గురించి ఆమె ఎప్పుడును పూర్తిగా చెప్పలేదు. ఆ నీళ్ళను చూచిన తరువాత దయ్యములంటే నవ్వు వచ్చునని మాత్రము అన్నది.

కాని వేరొక ఘట్టమున ఆమె చేయి ఆగినది. కోటలో సేవకులెవ్వరును కనబడరు. ప్రభువే తలుపు తీయును, ప్రభువే సామాను మోయును. ఒకనాడు హార్కర్ చూచునప్పటికి ఆ ప్రభువు స్వయముగా అతిథికి పక్క వేయుచున్నాడు. భోజనపు బల్ల సర్దుచున్నాడు. తొలి రాత్రి బండి తోలినవాడును ఇతడే కాబోలునని హార్కర్‌కు అప్పుడు తట్టి వెన్ను జలదరించును. మేము కూడ వణుకుచు చెప్పినాము. దాదీమా చాట ప్రక్కన పెట్టి, "ఉస్కా కోయీ నై క్యా?" అని అడిగినది. వానికి ఎవరూ లేరా అని. మాకు ఏమి చెప్పవలెనో తోచలేదు.

రెండవసారి చదివినది నాగార్జున విశ్వవిద్యాలయములో ఎం.ఏ. విద్యార్థిగా ఉన్నప్పుడు. అప్పటికి కథనశిల్పము, దృష్టికోణము మొదలగు మాటలు నేర్చినాము. నేర్చిన మాటలను ఎక్కడనైన ప్రయోగింపవలెనను ఆత్రము కూడ ఉండినది. ఆ నవల అంతయు కాగితముల కట్ట. హార్కర్ తన దినచర్యను పొట్టిలిపిలో వ్రాయును. సేవార్డ్ అను వైద్యుడు ఫోనోగ్రాఫు యంత్రములోనికి మాట్లాడును. మీనా టైపు యంత్రము మీద అందరి వ్రాతలకు ప్రతులు తీయును. లూసీ ఉత్తరములు, టెలిగ్రాములు, పత్రికా వార్తలు, చివరకు మునిగినవారి ఓడ చిట్టా సైతము ఉన్నది. అందరును వ్రాయుదురు. ఎవనిని గురించి ఇంతమంది వ్రాయుచున్నారో అతని దినచర్య ఒక్క పుటయు లేదు. హార్కర్ దారిలో ఉండగా పంపిన స్వాగతపు చీటీ, మరి ఒకటి రెండు వ్యవహారపు ముక్కలు తప్ప అతని పక్షమున కాగితము లేదు. నాలుగు వందల పుటల అభియోగపత్రములో ముద్దాయి వాఙ్మూలము నమోదు కాలేదు.

అప్పుడు మాకు మన బేతాళుడు జ్ఞప్తికి వచ్చినాడు. ఈ రెండు పిశాచములకు చుట్టరికము కట్టినది మేము కాము. బర్టన్ అను ఆంగ్లేయుడు 1870లోనే మన విక్రమార్క కథలను తన భాషలోనికి మార్చుచు బేతాళుని 'వాంపైర్' అని పిలిచినాడు. మాకది పొసగలేదు. మన బేతాళుడు ఎవరి రక్తము త్రాగినాడు? శవములోనుండి అతడు కోరునది శ్రోతను. రాజు భుజము మీద వ్రేలాడుచు కథ చెప్పును, చివర ప్రశ్న వేయును. జవాబు తెలిసియు చెప్పకున్నచో తల పగులును. చెప్పినచో మౌనము భంగమై అతడు మరల చెట్టెక్కును. మాటకు ఇంత విలువ కట్టిన దయ్యము మరి ఏ దేశమున ఉన్నదో మేమెరుగము. పదునొకండవ శతాబ్దపు సోమదేవుని కథాసరిత్సాగరమున ఈ కథలు ఇరువదియైదు. 'చందమామ'వారు ఆ చట్రమును నిలుపుకొని, అందులో కొత్త కొత్త కథలను పొదిగి దశాబ్దములపాటు నడిపినారు.

ఆ చందమామ మద్రాసులో పుట్టినను దాని వేరు తెనాలిలో ఉన్నది. 1947 జూలైలో నాగిరెడ్డితో కలిసి దానిని స్థాపించిన చక్రపాణి తెనాలివాడు. 1952 నుండి 1980లో కన్నుమూయువరకు దానికి ప్రాణము పోసిన కొడవటిగంటి కుటుంబరావు తెనాలిలో పుట్టినవాడు. చక్రపాణి మదనపల్లెలో క్షయ చికిత్స పొందుచు వంగభాష నేర్చుకొన్నాడు. ఆ నేర్చిన భాషలోనుండి శరత్ నవలలను తెనిగించగా, శరత్ తెలుగువాడే యని పాఠకులు నమ్మినారని మా గురువులు చెప్పెడివారు. పుస్తకముల ద్వారా పరాయి భాష నేర్చినవాడు ఎట్లు అక్కున చేర్చుకొనబడునో తెనాలి అట్లు చూపినది. మా ఇంటిలో అబ్బాజాన్ కుట్టించి పెట్టిన చందమామల కట్టలోనే మేము తెలుగు చదువుట నేర్చినాము. బడికంటె ముందు మాకు తెలుగు నేర్పినది ఒక శవము.

ఇక మూడవ పఠనమునకు కారణము చెప్పవలెను. చెప్పుటకు కొంత సంకోచముగా ఉన్నది.

కొంతకాలము క్రిందట ఒక సాహిత్య సభలో మేము ప్రబంధ కవిత్వమును గురించి మాట్లాడినాము. సభానంతరము ఒక పెద్దమనిషి, వాత్సల్యముతోనే, మా చేయి పట్టుకొని, "మీ తెలుగు ఒక్క తప్పు లేకుండా ఎంత బాగుందండీ! పేరు వినకపోతే మీరు వాళ్ళని ఎవ్వరూ అనుకోరు" అన్నారు. మేము నవ్వినాము. ధన్యవాదములు కూడ చెప్పినాము. బుర్రకథను ఊరూర నిలిపిన షేక్ నాజర్ ఈ గుంటూరు జిల్లా పొన్నెకల్లువాడని చెప్పవలసినది. పిఠాపురపు ఉమర్ అలీషా కవి పేరు చెప్పవలసినది. రెండును నోటి చివరనే ఉన్నవి, పెగలలేదు. బేతాళుని నియమమే నిజమైనచో మా తల ఆ రాత్రియే వేయి వ్రక్కలు కావలసినది.

ఆ ఏడే ఒక పట్టణములో మేము ఇల్లు వెదకినాము. మూడుచోట్ల గది చూపినారు, అద్దె చెప్పినారు, నీళ్ళ వసతి చెప్పినారు. మా పేరు అడిగి తెలుసుకొన్న పిమ్మట ఆ మూడు గదులును అంతకు ముందే ఎవరికో ఇచ్చివేసినట్లు జ్ఞాపకము వచ్చినది వారికి. గడప వెలుపల నిలిచి లోపలివారి పిలుపు కొరకు చూచుటలో ఉన్న రుచి అప్పుడు తెలిసినది. బాపట్లలో పదునేడేండ్లనాడు ఆ నియమమును మేము లోపలినుండి చదివినాము.

అందుచేత ఈ వేసవి బండిలో పుస్తకము తీసినాము. తూర్పునకు పోవుకొలది రైళ్ళు ఆలస్యమగునని హార్కర్ మొదటనే చిరాకుపడును. అతడు మా బండిని ఎక్కియుండలేదు. వేమూరు దాటునప్పటికి మేము రెండవ అధ్యాయములో ఉన్నాము. అక్కడ, మునుపు రెండు పర్యాయములు చదివియు చూడని చోటు ఒకటి కనబడినది.

కోటలో ఒక గ్రంథాలయము. నిండ ఆంగ్ల పుస్తకములు, పాత పత్రికలు, వ్యవహార సూచికలు. ఆ ప్రభువు సోఫాలో మేను వాల్చి ఇంగ్లండు రైళ్ళ కాలపట్టిక చదువుకొనుచుండును! ఎక్కని రైళ్ళ వేళలను వల్లె వేయు మనిషిని తలచుకొని మేము బండిలో పైకే నవ్వినాము. తరువాతి మాటలకు నవ్వు పోయినది. తనకు ఆంగ్లము పుస్తకముల ద్వారానే వచ్చునని అతడు హార్కర్‌తో చెప్పును. మీరు చక్కగా మాటలాడుచున్నారని హార్కర్ మెచ్చుకొనును. అతడు ఒప్పుకొనడు. తన దేశమున తాను ప్రభువు, సామాన్యులందరు ఎరిగినవాడు. పరదేశమున పరదేశి ఎవడును కాడు. లండను వీధిలో తన మాట విని ఎవడును ఆగి, ఓహో పరదేశి అనుకొనరాదు, అంతే తన కోరిక అనును. ఉచ్చారణలో ఎంత చిన్న దోషమున్నను చెప్పి దిద్దుమని ఆ యువకుని బ్రతిమాలును. భట్టిప్రోలు స్టేషను వచ్చినది, పోయినది. మేము ఆ పుట త్రిప్పలేదు.

ఒక వింత గమనింపుడు. వాన్ హెల్సింగ్ కూడ ఇంగ్లండులో పరదేశియే. అతని ఆంగ్లము తప్పుల తడక. క్రియలు ఒక ప్రక్క, కర్తలు ఒక ప్రక్క. ఆ తప్పులు విని నవలలోనివారు అతనిని మరింత ప్రేమింతురు. ప్రభువు ఆంగ్లములో తప్పు పట్టుకొనుట కష్టము. అతని శుద్ధత వారికి భయము పుట్టించును. పరాయివాడు తడబడినచో ముచ్చట, తడబడకున్నచో అనుమానము. ఆ పెద్దమనిషి మా తెలుగును మెచ్చుకొన్నపుడు ఆ కంటిలో మెరిసినది ఏమిటో, ఇన్నాళ్ళకు, ఒక ఐరిష్ రచయిత వలన కొంత అర్థమైనది.

ఇంకొక చమత్కారము. తన పూర్వులు డాన్యూబు నదిని దాటి తురుష్కులను మర్దించినారని డ్రాకులా గర్వముగా చెప్పుకొనును. పదునైదవ శతాబ్దములో ఉస్మానీ తురుష్కులతో పోరిన వల్లేకియా రాజు నుండి ఆ పేరు వచ్చినదే. తెలుగునాట మమ్ము పిలుచు 'తురక' అను మాట ఆ తురుష్క శబ్దము నుండి పుట్టినదే. ఆ లెక్కన ప్రపంచ సాహిత్యములో ఈ ప్రభువుకు బద్ధవిరోధులము మేమే కావలెను. అతని కొరకు జాలిపడుట మాకే వచ్చినది!

అయినను అతనిని నిర్దోషిని చేయుట మా ఉద్దేశము కాదు. ఇటీవల దుష్టపాత్రలన్నింటికి కన్నీటి కథలు తగిలించి మంచివారిని చేయు అలవాటు బయలుదేరినది, మాకది రుచింపదు. తల్లి కొరకు ఏడ్చు పసిబిడ్డను సంచిలో తెచ్చి తన కోటలోని పిశాచ స్త్రీల ముందు పడవేసినవాడతడు. ఆ తల్లి కోట ముంగిట నిలిచి అరచిన అరపును మూడవసారి చదువుటకు మాకు ధైర్యము చాలలేదు, ఆ పుట దాటవేసినాము. లూసీని చంపినది అతడే. ఆ దినచర్యను అతడే వ్రాసియున్నచో ఈ పసిబిడ్డను గురించి ఏమని వ్రాసెడివాడో చదువవలెనని మా కోరిక. మన బేతాళుడైనచో దానినే ప్రశ్నగా అడిగెడివాడు. నవల మొత్తములో దాదీమా వలె ఆలోచించిన వ్యక్తి ఒక్క మీనాయే. అతని వలన అందరికంటె ఎక్కువ గాయపడినదామె. అతని ఆత్మయే అందరిలోను దుఃఖభాజనమని తన వారికి నచ్చజెప్పినది. చివరి క్షణమున అతని ముఖముపై శాంతి కనబడినదని వ్రాసిపెట్టినది కూడ ఆమెయే.

ఇక ఈ సంచిక సంగతి. మన పత్రికకు రెండు ముఖద్వారములన్నది పాఠకులెరిగినదే. ఎడమ నుండి తెరచినచో తెలుగు, కుడి నుండి తెరచినచో ఉర్దూ. రెండును నడుమ ఎక్కడనో కలిసికొనును. రచనలు కోరుచు మేము తరగతిలో ప్రకటించినపుడు రేపల్లె బండిలో వచ్చు ద్వితీయ సంవత్సర విద్యార్థిని ఒకామె తల వంచుకొన్నది. 2022లో రేపల్లె బాపట్ల జిల్లాకు పోయి, తెనాలి గుంటూరులోనే ఉండిపోయినది గావున, ఆ పిల్ల నిత్యము జిల్లా సరిహద్దు దాటి చదువుకొనుచున్నది. తరువాత పిలిచి అడిగినాము.

"తెలుగులో రాస్తే తప్పులొస్తాయి సార్. నవ్వుతారు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూనే గానీ, ఆ అక్షరాలు నాకు సరిగా రావు" అన్నది.

రెండు ద్వారములున్న ఇంటి ముందు నిలిచిన పిల్లకు ఏ ద్వారము తనదో తెలియలేదు. ఉపన్యాసము ఇచ్చుటకు మనసొప్పక, బండిలో చదివిన ఆ పుట సంగతి మాత్రము చెప్పినాము: ఒక ప్రభువు ఉండెడివాడనియు, పుస్తకములలో భాష నేర్చినాడనియు, తప్పులు దిద్దుమని అడిగినాడనియు. ఆ పిల్ల అంతయు విని, "అయితే ఆ లాయరు దిద్దాడా సార్?" అని అడిగినది.

మూడుసార్లు చదివిన మాకు ఆ ప్రశ్న తోచలేదు. ఆ రాత్రి పుటలు త్రిప్పి వెదకినాము. దిద్దెదనని హార్కర్ మర్యాదకు మాట ఇచ్చినాడు. ఒక్క మాట దిద్దినట్లు ఎక్కడను లేదు.

వారము తరువాత ఆమె రెండు పుటలు తెచ్చినది. తన తల్లి కుట్టుమిషను మీద, పండుగ ముందటి రాత్రులందు, ఊరందరి బట్టలు కుట్టి చివరకు తన పిల్లల బట్టలకు వేళ చాలని సంగతి. 'ళ'కారము ఉండవలసిన చోట్ల 'ల'కారము ఉన్నది. ఒత్తులు కొన్ని తప్పిపోయినవి. ప్రక్కన కూర్చుండబెట్టుకొని పదునాలుగు తప్పులు చూపినాము. పదిహేనవది మా పొరపాటని ఆ పిల్ల వాదించినది. నిఘంటువు తీసి చూచినాము. ఆమె మాటయే ఒప్పు. ఆ రచన ఈ సంచికలో తెలుగు భాగమునకు చివర, ఉర్దూ మొదలగుటకు ముందు పుటలలో వచ్చినది.

పోవుచు పోవుచు ఆ నవల ఇమ్మని అడిగినది. అట్ట లేని ప్రతి, మా బాపట్ల నాటి పెన్సిలు అర్థములతో సహా ఇచ్చినాము. మొన్న బండిలో కనబడినపుడు ఎంతవరకు వచ్చినదని అడిగితిమి. "లూసీకి ఒంట్లో బాగాలేదు సార్, ఏమవుతుందో చెప్పొద్దు" అన్నది. చెప్పలేదు. ఈ సంచిక చేతికి అందులోపల ఆమె ఆ పుటలు దాటవలెను. లేనిచో పైన మేము వ్రాసిన కథాసంగ్రహము ఆమె పాలిట ద్రోహమగును.